లడఖ్ సరే, ఖాజాగూడ సంగతేంటి?

ఆఫీసు సెలవుల పట్టికలో శుక్రవారమో సోమవారమో ఎర్రరంగులో కనబడితే చాలు, క్యాంటీన్లో భోజనాల బల్ల దగ్గర ఒకటే చర్చ. గోవానా, కూర్గా, పాండిచ్చేరా? ఎవడో ఒకడు లడఖ్ అంటాడు. అందరూ ఒక్క నిమిషం ఆ మాటకి మౌనంగా గౌరవం ఇచ్చి మళ్ళీ గోవాకే వచ్చేస్తారు. ఒక ఎక్సెల్ షీటు పుడుతుంది, ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది, ఇద్దరు అలుగుతారు. శుక్రవారం రాత్రి స్లీపర్ బస్సెక్కి రాత్రంతా అందులో దొర్లి, దిగి, ఒకటిన్నర రోజు ఫోటోలు తీసుకుని, మళ్ళీ రాత్రంతా దొర్లి, సోమవారం పొద్దున స్టాండప్ కాల్‌లో "నో బ్లాకర్స్" అని ఆవలిస్తాం. దీన్ని మనం విశ్రాంతి అంటాం.

గోవా మీద నాకేం కోపం లేదు. హైదరాబాదుకి సముద్రం లేదు, వెళ్ళాల్సిందే. నా గొడవల్లా ఏంటంటే, ఈ మధ్యలో వచ్చే మిగతా నలభై వీకెండ్ల సంగతి. ఆ నలభై వీకెండ్లలో మనం చేసేది మాల్‌కి వెళ్ళడం, మాల్ నుంచి రావడం. లేదంటే ఔటర్ పక్కన రిసార్టులో "అడ్వెంచర్ ప్యాకేజీ": రెండు చెట్ల మధ్య తాడు కట్టి జిప్‌లైన్ అంటారు, రెండు టైర్లు వేలాడదీసి కమాండో కోర్సు అంటారు, చివర్లో పనీర్ టిక్కా, డీజే. టీమ్ ఔటింగు పేరుతో నేనూ అరడజను చూశా. అక్కడ సాహసం ఏదైనా ఉందంటే ఆ బఫేలో చేపల కూర తినడమే.

ఇంటికి గంట దూరంలో అసలు సిసలు కొండలు, రాళ్ళు, కోటలు, కాసిన్ని తిక్క ప్రదేశాలు పెట్టుకుని మనం వాటి మొహం చూడం. చూడకపోతే పోయేదేముంది అంటారేమో. పోతున్నాయి. నిజంగానే. ఆ సంగతికి తరవాత వస్తా, ముందు ఏమున్నాయో చెప్పనివ్వండి.

మా పెద్దమ్మ కొడుకు అట్లాంటాలో ఉంటాడు. మొన్న వాళ్ళ ఊరి పక్కనున్న స్టోన్ మౌంటెన్ ఎక్కి వీడియో కాల్ చేశాడు. "చూడరా, ముప్పై కోట్ల ఏళ్ళ నాటి రాయిరా ఇది!" అని మురిసిపోతున్నాడు. మంచి కొండే. చుట్టుపక్కల నేల నుంచి 825 అడుగుల ఎత్తు, పైకి వెళ్ళడానికి బాట, కింద పార్కింగు, చుట్టూ పార్కు. "అన్నయ్యా, మాదాపూర్లో నువ్వు కొన్న ఫ్లాటు కింద ఉన్న బండ వయసు 250 కోట్ల ఏళ్ళు" అన్నా. నమ్మలేదు. ప్లాటు అడ్వాన్సు కట్టినప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పలేదట.

నిజమే కదా, ఎవరు చెప్తారు? హైదరాబాదు కూర్చున్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందటిది. మనం సెలవు పెట్టి చూడ్డానికి పోయే హిమాలయాలు లేవడం మొదలుపెట్టి గట్టిగా 5 కోట్ల ఏళ్ళు. అంటే మన గుట్టల ముందు హిమాలయాలు నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్లు.

ఆ గుండ్లు ఒకదాని మీద ఒకటి అలా ఎలా నిలబడ్డాయి అన్నది చిన్నప్పుడు అందరికీ వచ్చే అనుమానమే. భీముడు పేర్చాడనో, దేవుడు లోకాన్ని కట్టగా మిగిలిన రాళ్ళు ఇక్కడ కుమ్మరించాడనో పెద్దవాళ్ళు చెప్తారు. అసలు సంగతి ఇంకా బావుంటుంది. ఎవరూ పేర్చలేదు. భూమి లోపల చాలా లోతున కరిగిన రాయి మెల్లగా చల్లారి గ్రానైటు అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ళలో అరిగిపోయి, మీద బరువు తగ్గేసరికి ఆ రాయి విచ్చుకుని అడ్డంగా, నిలువుగా పగుళ్ళిచ్చింది. పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి. మూలలు రెండు మూడు వైపుల నుంచి కరుగుతాయి కాబట్టి ముందు మూలలు పోతాయి, చదరం కాస్తా గుండ్రం అవుతుంది. మధ్యలో పొడిగా మారిన మట్టిని వానలు కడిగేశాయి. అరగకుండా మిగిలిన గట్టి భాగాలే మనకి కనబడే గుండ్లు. అంటే పైన గుండూ, కింద గుండూ మొదట్నుంచీ అక్కడే ఉన్నాయి, మధ్యలోది మాయమైంది. పేర్చడం కాదు, తీసేయడం. ఇది తెలిశాక మళ్ళీ వెళ్ళి చూడండి, అదే రాయి వేరేగా కనబడుతుంది. నాకైతే అలాగే అయింది.

ఇక ఖాజాగూడ. గచ్చిబౌలి నుంచి ఎన్ని నిమిషాలో చెప్పక్కర్లేదు, అక్కడి సిగ్నల్లో మనం గడిపే సమయం కన్నా తక్కువే. దాన్ని ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. అక్కడ ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంత పద్మనాభస్వామి గుడి, మధ్యలో రాళ్ళెక్కే కుర్రాళ్ళు. ఆదివారం పొద్దున ఆరింటికి వెళ్తే వీపుకి పరుపులు కట్టుకుని వచ్చే గుంపులు కనబడతాయి. బౌల్డరింగ్ అంటారు దాన్ని. తాడు లేకుండా, మరీ ఎత్తుకు పోకుండా, కింద పరుపేసుకుని చేతివేళ్ళ మీద, షూ కొసల మీద బండ ఎక్కడం. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటి వాటిలో చేరితే నేర్పుతారు కూడా. చూడ్డానికి ఏముంది, పన్నెండడుగులు అనిపిస్తుంది. ఎక్కితే తెలుస్తుంది, ఆ పన్నెండడుగుల్లో ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ కాలు మార్చాలో తేల్చుకోవడానికి ఒక పూట పడుతుంది. మనం రోజంతా చేసే డీబగ్గింగ్ ఇదే కదా, కాకపోతే ఇక్కడ తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను రొప్పుకుంటూ గబగబా ఎక్కుతుంటే, అక్కడ మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన నవ్వాడు. "ఎందుకట్ల ఉరుకుతున్నవ్ బిడ్డా, నిమ్మళంగ ఎక్కు. గుట్ట యాడికి పోతది?" అన్నాడు. ఆ మాట అప్పుడు సరదాగా తీసుకున్నా. ఇప్పుడు ఆ వైపు వెళ్ళినప్పుడల్లా కాస్త గుచ్చుకుంటుంది.

కొంచెం దూరం పోవడానికి ఓపికుంటే భువనగిరి. హైదరాబాదు నుంచి వరంగల్ రోడ్డులో సుమారు 50 కిలోమీటర్లు, అంటే ఇంట్లో ఉప్మా తిని బయల్దేరినా ఎండెక్కక ముందే చేరొచ్చు. ఊరి నడిబొడ్డున గుడ్డు ఆకారంలో ఒకే ఒక్క రాయి, దాని మీద కోట. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు, ఆ పేరు మీద త్రిభువనగిరి, అదే మన నోట్లో భువనగిరి, ఇంగ్లీషు బోర్డుల మీద భోంగిర్. రైల్లో వరంగల్ వెళ్తూ కిటికీలోంచి అందరం చూసినదే. ఎక్కినవాళ్ళెంతమంది?

ఈ రాయి గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి కోటది కాదు. మాలావత్ పూర్ణ గుర్తుందా? నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊళ్ళో గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. అంత చిన్న వయసులో ఎవరెస్టెక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లల్ని అనుమతించరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. తనతో పాటు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. డార్జిలింగ్, లడఖ్ అన్నీ తరవాత. ఆ పిల్లలు రాయెక్కడం మొదట నేర్చుకున్నది ఈ భువనగిరి బండ మీద, శేఖర్‌బాబు బచినేపల్లి అనే కోచ్ దగ్గర. ఇంకోలా చెప్పాలంటే ఎవరెస్టు దారి ఉప్పల్ మీదుగా పోతుంది. మనం లడఖ్ నుంచి మొదలుపెట్టాలనుకుంటాం, ఆ అమ్మాయి పక్క జిల్లా రాయి నుంచి మొదలుపెట్టింది.

రాచకొండ ఇంకోటి. 2016లో ఆ పేరుతో పోలీసు కమిషనరేటు పెట్టినప్పుడు "ఈ పేరెక్కడిది?" అని అడిగినవాళ్ళని నేను చూశా. రేచర్ల పద్మనాయకుల రాజధాని అది, పద్నాలుగో శతాబ్దంలో. సున్నం వాడకుండా రాయి మీద రాయి పెట్టి కట్టిన గోడలు, అడవిలో వరసగా రాతి ద్వారాలు. టికెట్ కౌంటరు లేదు, కూల్‌డ్రింకు కొట్టు లేదు. నీళ్ళు మీరే మోసుకెళ్ళాలి. కోట చూడాలంటే గోల్కొండ ఒక్కటే అనుకునేవాళ్ళు ఒక్కసారి ఇక్కడికి రండి, చప్పట్లు కొట్టి చూపించే గైడ్లు లేని కోట ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో తెలుస్తుంది.

గోల్కొండ అంటే గుర్తొచ్చింది. కోట చూసొచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది నయా ఖిలా వైపు వెళ్ళరు. అక్కడొక చెట్టుంది. హతియాన్ కా ఝాడ్ అంటారు, అంటే ఏనుగు చెట్టు. ఆఫ్రికా జాతి బావోబాబ్. సుమారు నాలుగు వందల ఏళ్ళ కిందట కుతుబ్‌షాహీల కాలంలో అరబ్బు వర్తకులు తెచ్చిచ్చారని చెప్తారు. చుట్టుకొలత 27 మీటర్ల పైనే. కాండం లోపల గుహలాంటి తొర్ర, అందులో నలభైమంది దొంగలు దాక్కునేవారని ఒక కథ. ఆలీబాబా కథ ఇక్కడికెలా వచ్చిందో గానీ, ఆ తొర్ర చూస్తే నలభైమంది కాకపోయినా మన స్క్రమ్ టీమ్ మొత్తం పట్టేలా ఉంటుంది. చుట్టూ గోల్ఫ్ కోర్సు వచ్చేసింది కాబట్టి గేటు దగ్గర అడిగి వెళ్ళాలి. ఆ చెట్టు పక్కన నిలబడితే మనిషికి నోట మాట రాదు. ఉన్నమాటే.

తిక్క ప్రదేశం అన్నా కదా, దానికి నా ఓటు బహదూర్‌పురాలో జూ దగ్గరున్న సుధా కార్స్ మ్యూజియానికి. కె. సుధాకర్ అనే ఒకాయన పాత సామాను కూడబెట్టి తన సొంత చేతులతో చేసిన బళ్ళు. వంకాయ కారు, బూటు కారు, క్రికెట్ బంతి కారు, బర్గర్ కారు, చివరికి కమోడ్ కారు కూడా. బొమ్మలు కావు, నడుస్తాయి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్ చేసి తొక్కి గిన్నిస్ రికార్డు కొట్టాడు. 2010లో మ్యూజియం పెట్టాడు. మన సైడ్ ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో రీడ్‌మీ ఫైలు దగ్గరే ఆగిపోతాయి, ఈయనవి రోడ్డు మీద పరిగెత్తాయి. పిల్లల్ని గేమింగ్ జోన్‌కి తీసుకెళ్ళి కార్డు గీకే బదులు ఒక ఆదివారం ఇక్కడికి తీసుకెళ్ళండి. ఈ మ్యూజియానికి విదేశీయులు వెతుక్కుని వస్తారు, మనకి జూ దారిలో కుడివైపు చూసే తీరిక లేదు.

అన్నట్టు, చిలుకూరు. ఇది చదివేవాళ్ళలో అక్కడికి వెళ్ళనివాళ్ళు ఉండరు. కోరుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. ఆ నూట ఎనిమిదీ చేసిన మనిషి ఏ ట్రెక్కింగైనా చేయగలడని నా గట్టి నమ్మకం. ఐతే అదే చిలుకూరులో మృగవని అని ఒక జాతీయ ఉద్యానవనం ఉంది, మూడున్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, జింకలు, నెమళ్ళు. వీసా వచ్చాక నూట ఎనిమిది పూర్తిచేసి, కాలిఫోర్నియా వెళ్ళి, అక్కడ ప్రతి శనివారం పార్కుల్లో హైకింగు చేసే మిత్రుడొకడున్నాడు. మృగవని పేరు వాడు నా దగ్గర మొదటిసారి విన్నాడు.

మౌలాలి గుట్ట గురించి ఒక్క ముక్క. పైన దర్గాకి దాదాపు ఐదు వందల మెట్లు, పైనుంచి చూస్తే నగరం తూర్పు భాగమంతా చేతికందుతుంది. కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన కవయిత్రి, నర్తకి, ఆ కాలంలో జాగీరు ఉన్న ఆడది. కొన్నేళ్ళ కిందట అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ తోటనీ, సమాధినీ బాగుచేశారు. మన ఊరి కవయిత్రి సమాధికి డాలర్లు రావాల్సొచ్చింది, దాని మీద వ్యాఖ్యానం మీకే వదిలేస్తున్నా.

సరే, ఇప్పుడు పోవడం సంగతి.

కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పనిచేసేవాళ్ళకి ఇది కొత్త కాదు. మధ్యాహ్నం పూట ఎక్కడో ఒక ఈల వినబడుతుంది, కాసేపటికి "ధబ్" మంటుంది, అద్దాలు సన్నగా వణుకుతాయి. ఎవరూ తలెత్తరు. ఎవరో ఒకరు "బ్లాస్టింగ్" అంటారు, అంతే, కాల్‌లో మాట్లాడుతున్నవాళ్ళు మ్యూటు తీసి మళ్ళీ మొదలుపెడతారు. ఆ ఒక్క "ధబ్" అంటే 250 కోట్ల ఏళ్ళు ఓపిగ్గా అరిగిన గుండ్రాయి సాయంత్రానికల్లా కంకర. లారీ వెళ్ళాక ఒక రోజు మా ఫ్లోర్లో అడిగి చూశా, "ఆ గుట్ట పేరేంటి?" అని. తొమ్మిదిమందిలో ఒక్కరికీ తెలియదు. ఒకావిడ ఫోన్లో మ్యాపు తీసి "ఏమీ రాయలేదు, ఖాళీ స్థలం" అంది.

నా వాదనంతా ఇక్కడే ఉంది. పేరు తెలియనిది ఖాళీ స్థలం. ఖాళీ స్థలం పోతే ఎవరికీ ఏమీ పోయినట్టు ఉండదు. ఊరి పేర్లు చూడండి: మణికొండ, గుట్టల బేగంపేట, రాయదుర్గం, బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్. పేర్లలో గుట్టలున్నాయి. గుట్టల బేగంపేటలో గుట్టలెన్ని మిగిలాయో ఆ దారిన పోతూ లెక్కపెట్టండి, ఒక చెయ్యి చాలు. తీగల వంతెన వచ్చాక దుర్గం చెరువు దగ్గర రోజూ సెల్ఫీలు తీసుకునేవాళ్ళు వేలల్లో ఉంటారు. వాళ్ళ వెనక ఫోటోలో మసగ్గా కనబడే రాతి గట్టు ఒకప్పుడు అధికారిక వారసత్వ జాబితాలో ఉందని తెలిసినవాళ్ళు వాళ్ళలో ఎందరో.

అవును, జాబితా ఉండేది. 1996లో పెట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం, అందులో ముందున్న ఫ్రౌకే క్వాడర్ అనే జర్మన్ మహిళ, ఇంకా ఇక్కడి కళాకారులు, ఫోటోగ్రాఫర్లు కలిసి తిరగ్గా తిరగ్గా, హుడా నిబంధనల్లో భవనాలతో పాటు తొమ్మిది రాతి సమూహాలకి కూడా వారసత్వ హోదా వచ్చింది. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కు రాయి, యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు రాయి, దుర్గం చెరువు గట్లు, మౌలాలి దగ్గర కాపలా రాయి, ఇలాంటివి. ప్రపంచంలో ఎన్ని నగరాలు రాళ్ళని వారసత్వంగా రాసుకున్నాయో గానీ, మనం రాసుకున్నాం. 2015 డిసెంబరులో ఆ 13వ నిబంధననే ప్రభుత్వం తీసేసింది. ఆ రోజు మన ఆఫీసుల్లో ఎవరైనా ఆ మాట అనుకున్నారా? నాకు తెలిసి లేదు. మనం కొత్త ఫోన్ గురించి మాట్లాడుకుంటూ ఉండి ఉంటాం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన గచ్చిబౌలిలోనే ఉంది. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. ఎవరి కోసం? ఐటీ పార్కుల కోసం, అంటే మనకోసం. ఆ భూమి ఎవరిదన్న వివాదంలోకి నేను పోను. కానీ అడ్డం పడింది ఎవరు? రోజూ అక్కడ నడిచే విద్యార్థులు. వాళ్ళకి పుట్టగొడుగు రాయి ఎక్కడుందో తెలుసు, నెమళ్ళు ఏ వేళకి అరుస్తాయో తెలుసు, జింకలు ఏ కుంట దగ్గరికి వస్తాయో తెలుసు. వాళ్ళకది ఖాళీ స్థలం కాదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆ పక్క రోడ్డు మీదుగా మనలో వేలమంది రోజూ ఆఫీసుకి పోతారు. మనకి అది గోడ వెనక పచ్చగా కనబడే ఏదో ఒకటి. తేడా చదువుదీ కాదు, మంచితనానిదీ కాదు. వాళ్ళు అందులో నడిచారు, మనం నడవలేదు.

ఇదంతా మా టీమ్‌లో ఒకాయనకి చెప్తే ఆయన మంచి ప్రశ్నే వేశాడు. "బాస్, నువ్విలా అందరికీ చెప్పి పంపిస్తే అక్కడ చిప్స్ ప్యాకెట్లు, బీరు సీసాలు తప్ప ఏం మిగలవు. నోరు మూసుకుని నువ్వొక్కడివే ఎక్కు" అన్నాడు. ఖాజాగూడలో పగిలిన సీసాలు నేనూ ఏరాను, కాబట్టి కాదనలేను. రాత్రి పూట తాగడానికే అక్కడికొచ్చే బ్యాచిలున్నాయి, బండల మీద ప్రేమికుల పేర్లు పెయింటుతో రాసే మహానుభావులున్నారు. కానీ లెక్క వేసుకోండి. సీసా పెంకులు ఏరడానికి ఒక ఆదివారం, నాలుగు గోనె సంచులు చాలు. పెయింటు కష్టపడితే గీకొచ్చు. చెరువులో పూడిక తీయొచ్చు, చెట్టు పోతే ఇంకో చెట్టు నాటొచ్చు. పేల్చిన గుట్టని ఏం చేస్తాం? వెర్షన్ కంట్రోల్ లేదు, బ్యాకప్ లేదు. పైగా పొద్దున పూట నడిచేవాళ్ళు, ఎక్కేవాళ్ళు పెరిగిన చోట తాగుబోతుల బ్యాచిలు మెల్లగా జరుగుతాయి, నేను చూసినంతలో. రహస్యంగా ఉంచితే భద్రంగా ఉంటుందన్నది అడవుల విషయంలో నిజమేమో. నగరం మధ్యలో మాత్రం రహస్యంగా ఉన్నది ముందు పోతుంది.

ఈ మధ్య ఒక అపార్టుమెంటు బ్రోషరు చూశా. ఇరవై ఐదో పేజీలో "రాక్ గార్డెన్" అని బొమ్మ. సిమెంటుతో చేసిన రాళ్ళు, వాటికి గ్రానైటు రంగు, మధ్యలో చిన్న జలపాతం. ఆ స్థలం మీద ఏడాది కిందట నిజం గుండ్లుండేవి, ఆ దారిన రోజూ పోయేవాణ్ణి కాబట్టి తెలుసు. చదరపు అడుగు ధర మాత్రం ఇక్కడ రాయను, మీకు బీపీ వస్తుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని పనికొచ్చే మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు పడ్డాక నల్లని పాకర పట్టిన బండ మీద కాలు పెట్టొద్దు, ఐసు కన్నా జారుతుంది. జీన్స్ ప్యాంటు వద్దు, మోకాలు వంగదు. ఎక్కడం కన్నా దిగడం కష్టం, ఎక్కేముందే వెనక్కి తిరిగి దారి చూసుకోండి. పెద్ద రాళ్ళ కింద తేనెపట్లుంటాయి, సెంటు కొట్టుకుని, స్పీకర్లో పాటలు పెట్టుకుని వాటి కిందకి పోవద్దు. క్వారీ గుంటల్లో నీళ్ళు నీలంగా అందంగా కనబడతాయి, దిగకండి, లోతు ఎవరికీ తెలియదు. ఒంటరిగా వద్దు, ముగ్గురైనా ఉండాలి. దర్గా దగ్గర, గుడి దగ్గర చెప్పులు విప్పే చోట విప్పండి, అక్కడివాళ్ళని పలకరించండి. రాళ్ళ పేర్లు, కథలు వాళ్ళకే తెలుసు. ఒక్కరే మొదలుపెట్టడానికి మొహమాటమైతే పైన చెప్పిన రాళ్ళ సంఘంవాళ్ళు నెలనెలా నడకలు పెడతారు, వెనకాల వెళ్ళిపోవచ్చు.

మేం నలుగురం ఒక పని మొదలుపెట్టాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెలుసు కదా, ఎవరైనా మార్చగలిగే మ్యాపు. అందులో రాయికి, కొండ కొనకి, పరుపు బండకి వేరువేరు ట్యాగులున్నాయి, తెలుగులో పేరు రాయడానికి ప్రత్యేకంగా ఒక గడి కూడా ఉంది. వెళ్ళిన ప్రతిచోటా ఫోన్‌తో చోటు గుర్తుపెట్టుకుని, అక్కడి మేకల కాపరులనో, దర్గా ముజావర్‌నో, గుడి పూజారినో అడిగి పేరు రాసుకుని, ఇంటికొచ్చి ఎక్కిస్తున్నాం. ఇప్పటికి పద్నాలుగు గుండ్లు ఎక్కాయి. ఐదింటికి పేర్లు దొరికాయి, తొమ్మిదింటికి ఇంకా దొరకలేదు. పాత పేర్లు చెప్పేవాళ్ళకి డెబ్భై దాటాయి, తొందరగా అడగాలి. మీ ఆఫీసు వెనకో, మీ కాలనీ చివరో ఒక గుట్ట ఉండే ఉంటుంది, దాని పేరు కనుక్కుని మీరూ ఎక్కించండి, అకౌంటు తెరవడానికి రెండు నిమిషాలు పట్టదు. వచ్చే ఆదివారం మేం మౌలాలి వైపు వెళ్తున్నాం, ఆరింటికల్లా మెట్ల దగ్గర ఉండాలి. తొమ్మిదైతే బండ కాలుతుంది.